ఇంటర్వ్యూ గదిలో బట్టలు గుర్తుకు రాకూడదు

మాక్ ఇంటర్వ్యూ అయిపోయి అబ్బాయిలంతా టీ కోసం కిందికి దిగాక, అశోక్‌నగర్ హాస్టళ్ల అమ్మాయిలు ఒక్కొక్కరే దగ్గరికి వచ్చి అడుగుతారు. "మేడమ్, చీరనే కట్టుకోవాల్నా?" "చున్నీ లేకపోతే బోర్డు వాళ్లు ఏమన్నా అనుకుంటరా?" ఈ మధ్య ఇంకో ప్రశ్న కూడా వీటితో కలిసింది: "కాళ్లకు స్టాకింగ్స్ వేస్కోవాలంట కదా, వీడియోల చెప్పిన్రు. లేకుంటే పద్ధతి కాదా?" అంతకుముందే కృష్ణా జలాల పంపకం గురించి తడుముకోకుండా చెప్పిన పిల్ల ఈ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గిస్తుంది. సిగ్గుపడాల్సిన ప్రశ్నేం కాదిది. ఒంటి మీద ఉన్నదాని గురించి అనుమానం ఉంటే నోట్లోంచి మాట సరిగ్గా రాదు. అందుకే ఈ పుస్తకంలో బట్టలకు ఒక అధ్యాయం ఇచ్చాను.

ముందు జవాబు చెప్పేస్తాను. చీర కట్టుకున్నా, చుడీదార్ వేసుకున్నా, ప్యాంటు చొక్కా వేసుకున్నా స్టాకింగ్స్ అక్కర్లేదు. మోకాలి దాకా ఉండే స్కర్టు వేసుకుని వెళ్లాల్సిన ఉద్యోగాలు కొన్ని ఉన్నాయి. విమానాల్లో క్యాబిన్ క్రూ, కొన్ని పెద్ద హోటళ్ల ఫ్రంట్ ఆఫీసు అలాంటివి. అక్కడ మాత్రం వేసుకోండి, అదీ సరిగ్గా ఎంచుకుని వేసుకోండి. మీరు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని సివిల్స్‌కో బ్యాంకు పీవోకో చదువుతుంటే, ఆ డబ్బు దాచుకుని ఒక మంచి ఇస్త్రీ చేయించుకోండి, కాళ్లకు సరిపోయే చెప్పులు కొనుక్కోండి.

ఈ సలహా ఎక్కడి నుంచి వచ్చింది

స్టాకింగ్స్ సంగతి మన దాకా ఎలా వచ్చిందో తెలిస్తే సగం బెంగ తీరిపోతుంది. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ 1938లో నైలాన్‌ను ప్రకటించింది. 1940 మే 15న నైలాన్ మేజోళ్లు ఆ దేశమంతటా అమ్మకానికి వచ్చాయి. రెండేళ్లు తిరక్కుండానే యుద్ధం కోసం ఆ నైలాన్ అంతా పారాచూట్లకు, తాళ్లకు మళ్లింది. అప్పటికే అలవాటు ఎంతగా పాతుకుపోయిందంటే, మేజోళ్లు దొరకని ఆడవాళ్లు కాలి వెనక కుట్టు గీత కనపడేలా పెన్సిల్‌తో గీసుకునేవారు. స్కర్టు కింద ఉత్త కాళ్లతో ఆఫీసుకు వెళ్లడం అక్కడ అమర్యాద కింద లెక్క. పైగా చలి దేశం. 1977లో జాన్ మొలాయ్ ఉద్యోగాలు చేసే ఆడవాళ్ల దుస్తుల మీద ఒక పుస్తకం రాశారు. స్కర్టు సూటు, దాని కింద చర్మం రంగు మేజోళ్లు, ఏ అలంకారమూ లేని బూట్లు అన్నది ఆయన చెప్పిన పద్ధతి. ఆ పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. తర్వాత వచ్చిన ఇంటర్వ్యూ గైడ్లు చాలా వరకు దాని బాటలోనే నడిచాయి. వాటిని చూసి మన దగ్గర గైడ్లు రాశారు, ఇప్పుడు ఆ గైడ్లను చూసి వీడియోలు చేస్తున్నారు.

ఆ సలహా పుట్టిన చోటే అది పాతబడింది. 1990ల నుంచి అక్కడి ఆఫీసుల్లో ప్యాంట్లు మామూలైపోయాయి, మేజోళ్ల అమ్మకాలు పడిపోయాయి. 2008లో మిషెల్ ఒబామా ఒక టీవీ కార్యక్రమంలో, తాను వాటిని వేసుకోవడం ఎప్పుడో మానేశానని మామూలుగా చెప్పేశారు. స్విట్జర్లాండ్ బ్యాంకు యూబీఎస్ 2010లో లోదుస్తుల రంగు దాకా నిర్దేశిస్తూ 40 పేజీలకు పైగా దుస్తుల నియమావళి తెచ్చింది. దాని మీద ఎన్ని విమర్శలు వచ్చాయంటే, కొద్ది వారాల్లోనే దాన్ని సవరిస్తామని బ్యాంకే ప్రకటించుకోవాల్సి వచ్చింది. ఇదంతా చెప్పడం ఎందుకంటే, రామ్‌నగర్‌లో ఒక హాస్టల్ గదిలో మే నెల ఉక్కపోతలో కూర్చున్న అమ్మాయి, అమెరికా చలిలో దాదాపు యాభై ఏళ్ల కిందట రాసిన నియమం తనకు తెలియదని బాధపడటం నాకు నచ్చదు. అది తెలియకపోవడం ఆమె లోపం కాదు.

అసలు మీకు ఇంటర్వ్యూ ఉందా

బట్టల గురించి ఆలోచించే ముందు ఇది చూసుకోండి. కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుంచి గ్రూప్-సి ఉద్యోగాలకు, గ్రూప్-బిలో నాన్ గెజిటెడ్ ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు ఎత్తేసింది. తెలంగాణ ప్రభుత్వం 2022లో గ్రూప్-1కు, గ్రూప్-2కు కూడా తీసేసింది. కాబట్టి ఇక్కడ గ్రూప్స్ చదివే అమ్మాయి చీర కోసం దిగులు పడాల్సిన పనే లేదు, రాత పరీక్షే అంతా. ఆంధ్రప్రదేశ్ గ్రూప్-1లో మాత్రం 75 మార్కుల ఇంటర్వ్యూ ఉంది. ఐబీపీఎస్ జరిపే బ్యాంకు పీవోల ఎంపికలో మెయిన్స్‌కు 80, ఇంటర్వ్యూకు 20 చొప్పున వెయిటేజీ. సివిల్స్‌లో 1750 మార్కుల రాత పరీక్ష మీద 275 మార్కుల పర్సనాలిటీ టెస్టు.

ఆ 275 మార్కుల్లో బట్టలకు ఎన్ని? యూపీఎస్సీ తన నోటిఫికేషన్‌లోనే బోర్డు ఏం చూస్తుందో రాసింది. మనసు చురుకుదనం, విషయాన్ని గ్రహించే శక్తి, స్పష్టంగా తర్కబద్ధంగా చెప్పగలగడం, తూకం తప్పని నిర్ణయం, ఆసక్తుల్లో వైవిధ్యం, లోతు, నాయకత్వం, నిజాయితీ. చీర మాట అందులో ఎక్కడా లేదు. ఆడవాళ్లు ఇదే వేసుకోవాలన్న నియమమూ లేదు. ఎక్కువ మంది చీరో చుడీదారో ఎంచుకుంటారు, అంతే.

మరి బట్టలకు అసలు విలువే లేదా అంటే, ఉంది. ఆ విలువ బోర్డు కళ్లలో ఉందని మనం అనుకుంటాం. నేను చూసినంతలో అది ఎక్కువగా అభ్యర్థి తలలోనే ఉంటుంది.

దీనికి రెండు ప్రయోగాలు చెబుతాను. కార్నెల్ విశ్వవిద్యాలయంలో థామస్ గిలోవిచ్ బృందం 2000లో ఒక అధ్యయనం ప్రచురించింది. ఒక్కో విద్యార్థికి, వేసుకోవడానికి నామోషీగా ఉండే బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి, నలుగురు కూర్చున్న గదిలోకి పంపారు. గదిలో సగం మంది దాకా తమ షర్టు మీది బొమ్మను గమనించి ఉంటారని ఆ విద్యార్థులు అంచనా వేసుకున్నారు. నిజంగా గమనించింది పావు వంతు మందే. మన మీద మనకున్నంత దృష్టి ఎదుటివాళ్లకు ఉండదు. రెండోది 1998లో బార్బరా ఫ్రెడ్రిక్‌సన్, ఆమె సహచరులు చేసింది. కొందరిని ఒంటరిగా అద్దం ఉన్న గదిలో ఈత దుస్తులు వేసుకోమన్నారు, కొందరిని స్వెట్టర్ వేసుకోమన్నారు. ఆ బట్టల్లోనే ఉండి లెక్కలు చేయమన్నారు. ఈత దుస్తుల్లో ఉన్న అమ్మాయిలు స్వెట్టర్ వేసుకున్న అమ్మాయిల కంటే లెక్కలు తక్కువగా చేయగలిగారు. అబ్బాయిల్లో ఆ తేడా రాలేదు. వాళ్లను చూసేవాళ్లు ఆ గదిలో ఎవరూ లేరని గుర్తుంచుకోండి. ఒంటి మీదికి ధ్యాస మళ్లితే చాలు, బుర్రలో కొంత చోటు దానికే పోతుంది.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. బట్టలు ఎంచుకునేటప్పుడు "ఇది బోర్డుకు నచ్చుతుందా" అని అడక్కండి. "అరగంట పాటు ఇది నాకు గుర్తుకు రాకుండా ఉంటుందా" అని అడగండి. చున్నీ జారుతోందని చెయ్యి పైకి వెళితే అది గుర్తుకు వచ్చినట్టే. కుర్చీలో కూర్చోగానే కుచ్చిళ్లు చూసుకుంటే, కొత్త చెప్పు మడమ కోస్తుంటే, స్టాకింగ్ పైఅంచు కిందికి చుట్టుకుపోతుంటే, మీ ధ్యాసలో ఒక పాలు బోర్డు అడిగిన ప్రశ్నకు అందకుండా పోయినట్టే.

చీర, చుడీదార్, చున్నీ

చీర కట్టుకోవడం అలవాటున్న అమ్మాయికి చీరను మించింది లేదు. అలవాటు లేని అమ్మాయికి చుడీదారే మేలు. ఇంటర్వ్యూ రోజు మొదటిసారి చీర కట్టుకుని వచ్చే అమ్మాయి ఎలా నడుస్తుందో ఎవరికైనా తెలిసిపోతుంది. అమ్మలు ఫోన్లో చెబుతుంటారు, "చీర కట్టుకో బిడ్డా, నిండుగుంటది" అని. అమ్మ మాట వినాలనుకుంటే కనీసం ఒక నెల ముందు నుంచి మొదలుపెట్టండి. ఆదివారం పూట చీర కట్టుకుని లైబ్రరీకి వెళ్లండి. అందులోనే మెట్లెక్కండి, బస్సెక్కండి, కూర్చుని రెండు గంటలు చదవండి. మాక్ ఇంటర్వ్యూకూ అదే చీరలో రండి.

కాటన్ చీర అయితే మంగళగిరి, నారాయణపేట లాంటివి చాలా బాగుంటాయి, అంచు చిన్నదిగా ఉంటే ఇంకా మంచిది. కాటన్‌తో ఒక చిక్కుంది. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చీర ఇక్కడ కత్తిలా ఉంటుంది. దాన్ని మడిచి పెట్టెలో పెట్టుకుని, నాంపల్లిలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ఒక రోజంతా దాటి ప్రయాణం చేసి ఢిల్లీలో దిగేసరికి మడతలన్నీ లోతుగా పడిపోతాయి. గంజి తక్కువ పెట్టించండి. చీరను మడవకుండా పాత పేపర్ల గొట్టానికి చుట్టుకుని తీసుకెళ్లండి. దిగిన చోట ఇస్త్రీ ఎక్కడ చేస్తారో ముందు రోజే కనుక్కోండి. కాటన్, సిల్కు కలిపి నేసిన చీరలు ప్రయాణాన్ని ఇంకాస్త తట్టుకుంటాయి.

లంగా విషయంలో ఒక హెచ్చరిక. ఈ మధ్య చీర కింద లంగాకు బదులు సాగే బట్టతో ఒంటికి అతుక్కునేలా కుట్టిన షేప్‌వేర్ అమ్ముతున్నారు. చూడటానికి ఒడ్డు పొడుగు చక్కగా కనిపిస్తుంది. వేసుకుని గంటల తరబడి కూర్చుంటే పొట్ట దగ్గర బిగుస్తుంది, పెద్ద అడుగు వేయడం కష్టమవుతుంది. ఇంటర్వ్యూకు పిలిచిన టైముకే లోపలికి పంపరు. సర్టిఫికెట్ల పరిశీలన ఉంటుంది, ముందు పేర్ల వాళ్లు ఉంటారు, కొన్నిసార్లు మధ్యాహ్నం దాకా ఆగాలి. అంతసేపూ హాయిగా ఊపిరి పీల్చుకోనిచ్చే కాటన్ లంగానే నా ఓటు. బొందు మరీ బిగించకండి.

చుడీదార్ వేసుకునేవాళ్లు లెగ్గింగ్స్ బదులు స్ట్రెయిట్ ప్యాంటో చుడీ బాటమో ఎంచుకోండి. లెగ్గింగ్స్ తప్పని నేననను. కానీ సాగే బట్ట పలచబడితే ట్యూబ్‌లైటు కింద కనపడని లోపం ఎండలో కనపడుతుంది. అవే వేసుకోవాలనుకుంటే మధ్యాహ్నం డాబా మీద నిలబడి, వంగి, స్నేహితురాలిని చూడమనండి. కుర్తీ పక్క కట్ నడుము దాకా ఉంటే కింద దాకా రెండు కుట్లు వేయించండి. చిక్కడపల్లిలో ఏ లేడీస్ టైలరైనా నిలబడ్డ చోటే వేసిస్తారు.

చున్నీ గురించి అమ్మాయిలు అడిగే తీరు చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఒక రెండు గజాల బట్ట తమ గుణాన్ని నిర్ణయిస్తుందేమో అన్న భయం అందులో ఉంటుంది. న్యాయస్థానాల కంటే మర్యాద పట్టింపు ఉన్న చోటు ఏముంది? బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా మహిళా న్యాయవాదులకు పెట్టిన నియమంలో చీరతో పాటు సల్వార్ కుర్తా, చుడీదార్ కుర్తా ఉన్నాయి. దుపట్టా ఉండవచ్చు, లేకపోవచ్చు అని అందులోనే రాసి ఉంది. కేరళ ప్రభుత్వం 2021లో టీచర్లను చీరే కట్టుకోవాలని బలవంతం చేయకూడదని ఉత్తర్వు ఇచ్చింది. చున్నీ మీకు అలవాటైతే, ఉంటేనే ధైర్యంగా ఉంటే తప్పకుండా వేసుకోండి. రెండు భుజాల దగ్గరా పిన్నీసు పెట్టండి, లేదా ఒక భుజం మీద మడతలు పెట్టి కుదురుగా పిన్ను చేయండి. అలవాటు లేకపోతే కాలర్ ఉన్న పొడుగు కుర్తా వేసుకుని వెళ్లండి.

పాదాలు

ఎండలో స్కూటీ నడిపే అమ్మాయిలకు బొటనవేలు విడిగా ఉండే చర్మం రంగు సాక్సులు తెలిసినవే. పాదం నల్లబడకుండా పనికొస్తాయి. వాటితోనే చీర కింద చెప్పులు వేసుకుని ఇంటర్వ్యూకు వెళ్లవద్దు. దారిలో వేసుకోండి, వెయిటింగ్ హాల్లోకి వెళ్లే ముందు తీసేసి కవర్లో పెట్టుకోండి. తెరిచిన చెప్పుల్లో ఉత్త పాదాలే అందం. పాదాలు శుభ్రంగా ఉంటే చాలు, పగుళ్లకు వారం రోజులు రాత్రిళ్లు వ్యాజిలిన్ రాయండి.

బెల్లీస్ వేసుకునేవాళ్లకు మాత్రం ఒక రకం సాక్సు నిజంగా పనికొస్తుంది. బెల్లీస్ అంచు దాటి బయటికి కనపడకుండా అరికాలికి, వేళ్లకు మాత్రమే తొడుక్కునే చిన్న కాటన్ సాక్సులు దొరుకుతాయి. చెమట పీలుస్తాయి, వాసన రానివ్వవు, మడమ ఒరుసుకోదు. మడమ దగ్గర లోపల రబ్బరు అంచు ఉన్నవి చూసి తీసుకోండి, లేకపోతే నాలుగు అడుగులకే జారి బూటులోకి చేరతాయి. ఇంటర్వ్యూకు కాళ్లకు వేసుకునేది ఏదైనా కొనాలనుకుంటే మీరు కొనాల్సింది ఇదే.

మట్టెలు, పట్టీలు తీసేయాలా అని పెళ్లైన అమ్మాయిలు అడుగుతారు. తీయనక్కర్లేదు. గజ్జెలు మోగే పట్టీలైతే మాత్రం చప్పుడు మీ మాటకే అడ్డం వస్తుంది కాబట్టి ఆ పూటకు తీసి పెట్టుకోండి. కాళ్లకు గోరింటాకు ఉన్నా ఏమీ కాదు.

ఢిల్లీ చలి విషయం వేరు. సివిల్స్ పర్సనాలిటీ టెస్టులు సాధారణంగా జనవరిలో మొదలై ఏప్రిల్ దాకా సాగుతాయి. జనవరిలో పిలుపు వచ్చిన అమ్మాయి షాజహాన్ రోడ్డులో ధోల్‌పూర్ హౌస్ ముందు పొద్దున్నే నిలబడితే, హైదరాబాద్‌లో ఎప్పుడూ ఎరగని చలి పాదాల నుంచి పైకి పాకుతుంది. అక్కడ చీర కింద పలచటి థర్మల్ లెగ్గింగ్స్ వేసుకోండి, లంగా లోపల ఉంటాయి కాబట్టి ఎవరికీ కనపడవు. కాళ్లకు చెప్పులు వద్దు, మూసి ఉండే బూట్లు, వాటిలో మామూలు సాక్సులు. రంగు చీరకో బూట్లకో దగ్గరగా ఉంటే చాలు. లోపల గది వెచ్చగా ఉంటుంది కాబట్టి మరీ మందం థర్మల్ వేసుకుంటే చెమట పడుతుంది. ఇక్కడ డిసెంబరులో ఒక తెల్లవారుజామున ఇందిరా పార్కులో నడిచి చూసుకోండి, అంతకంటే ఒక పొర ఎక్కువ కావాలని లెక్క వేసుకోండి.

స్టాకింగ్స్ నిజంగా కావలసిన చోట

క్యాబిన్ క్రూ ఎంపికలకు వెళ్లే అమ్మాయిలు ఈ భాగం జాగ్రత్తగా చదవండి. ఆ ఎంపికల్లో ఎత్తు చూస్తారు, చెయ్యి పైకి ఎంత దూరం అందుతుందో చూస్తారు, యూనిఫాం బయట కనపడే పచ్చబొట్లు ఉన్నాయేమో చూస్తారు. చాలా సంస్థలు వెస్టర్న్ ఫార్మల్స్‌లో రమ్మని ప్రకటనలోనే రాస్తాయి. స్కర్టు అని స్పష్టంగా ఉంటే మోకాలిని కప్పే స్కర్టు, దాని కింద స్టాకింగ్స్. ఇక్కడ మీరు వేసుకునేది ఆ ఉద్యోగపు యూనిఫాంకు దగ్గరగా ఉంటుంది కాబట్టి అడగడంలో ఒక అర్థం ఉంది.

ప్యాకెట్ మీద డెనియర్ అని ఒక అంకె ఉంటుంది. 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాముల బరువుంటే అన్ని డెనియర్లు. 15 అంటే గాలికి ఎగిరేంత పలచన, గోరు తగిలితే చినుగుతుంది. 40 దాటితే కాలు దాదాపు కనపడదు, నల్లరంగులో చలి దేశాలకు బాగుంటుంది. మన ఊళ్లో ఇంటర్వ్యూకు 20 ప్రాంతంలో ఉన్నది సరిపోతుంది. నడుము దాకా ఉండే రకమే తీసుకోండి. మోకాలి కింద ఆగిపోయేవి కూర్చోగానే స్కర్టు అంచు కింద గీతలా బయటపడతాయి.

రంగు దగ్గరే మన అమ్మాయిలు మోసపోతారు. షాపులో చర్మం రంగు అని ఇచ్చేది చాలాసార్లు తెల్లటి ఒంటికి సరిపోయే లేత గులాబీ ఛాయ. చామనఛాయ అమ్మాయి అది వేసుకుంటే కాళ్లు బూడిద పూసినట్టు కనపడతాయి. ఆ అమ్మాయి అద్దంలో చూసుకుని తన రంగునే తిట్టుకుంటుంది. తప్పు ఆ గుడ్డది. దుకాణంలో ఒక జత విప్పించి మీ చేతికి తొడిగి, గుమ్మం దగ్గర వెలుతురులో చూడండి. చెయ్యి రంగు మారకపోతే అది మీ షేడ్. అబిడ్స్‌లో, సుల్తాన్ బజార్‌లో నాలుగు షాపులు తిరిగినా దొరక్కపోతే, ఆన్‌లైన్‌లో ముదురు షేడ్లు దొరుకుతాయి, రెండు వారాల ముందే తెప్పించుకోండి. అదీ కుదరకపోతే పలచటి నల్లవి వేసుకోండి. మీది కాని రంగు వేసుకోవడం కంటే అదే నయం.

తొడిగేటప్పుడు గోళ్లు నున్నగా అరగదీసుకోండి, ఉంగరాలు తీసేయండి. గుడ్డను వేళ్ల దాకా పోగు చేసుకుని, మడమ సరిగ్గా కూర్చోబెట్టి మెల్లగా పైకి లాగండి. మట్టెలతో వేసుకుంటే గంటలో చిరుగు పడుతుంది. అందుకే మట్టెలు తీయడం ఇష్టం లేనివాళ్లు ప్యాంటు సూటు ఎంచుకోవచ్చేమో ఆ సంస్థను ముందే అడగండి. చిరుగు పడితే దాని కొనకు రంగులేని నెయిల్ పాలిష్ చుక్క పెడితే ముందుకు పాకదు. అది తొడ దగ్గర అయితే సరే, పిక్క మీద అయితే జత మార్చాల్సిందే. సంచిలో రెండో జత ఉండాలి. మెట్రోలో వేసుకుని రాకుండా, ఇంటర్వ్యూ జరిగే హోటల్ వాష్‌రూంలో తొడుక్కోవడం ఇంకా మంచిది.

అమెరికాలో ఎంఎస్ చేసి అక్కడే ఇంటర్వ్యూలకు వెళ్లే మన పిల్లలకు ఒక్క ముక్క. ప్యాంటు సూటుతో పని అయిపోతుంది. స్కర్టు ఇష్టమైతే, మంచు కురిసే ఊళ్లో నల్లటి మందం టైట్స్ చలికే కావాలి. వీడియో ఇంటర్వ్యూ అయినా కింద కూడా పూర్తిగా తయారై కూర్చోండి, చార్జర్ కోసం లేవాల్సి రావచ్చు.

ఎవరైనా తప్పనిసరి అంటే

ఉద్యోగ ప్రకటనలో లేని దుస్తుల నియమం ఎవరో ఏజెంటు, ఏ శిక్షణ సంస్థో చెబితే నమ్మేయకండి. సంస్థకు ఒక మెయిల్ రాయండి. "ఇంటర్వ్యూకు దుస్తుల విషయంలో సూచనలు ఉంటే తెలియజేయగలరు. సల్వార్ కుర్తా, ప్యాంటు సూటులలో ఏది వేసుకున్నా అభ్యంతరం లేదనుకుంటున్నాను." ఈ రెండు వాక్యాలు చాలు. జవాబు రాతపూర్వకంగా మీ దగ్గర ఉంటుంది.

లండన్‌లో 2015 డిసెంబరులో నికోలా థోర్ప్ అనే యువతి రిసెప్షనిస్టుగా మొదటి రోజు పనికి వెళ్తే, హై హీల్స్ వేసుకోలేదని జీతం ఇవ్వకుండా ఇంటికి పంపేశారు. మగవాళ్లను కూడా అదే ఎత్తు మడమలతో నిలబడమంటారా అని ఆమె అడిగింది. ఆ తర్వాత ఆమె మొదలుపెట్టిన విజ్ఞాపన మీద లక్షన్నర మందికి పైగా సంతకాలు చేశారు, 2017లో బ్రిటన్ పార్లమెంటు దాని మీద చర్చించింది. అమెరికా సుప్రీంకోర్టు 1989లో ఆన్ హాప్కిన్స్ కేసులో తీర్పు ఇచ్చింది. ఆమె పని బాగుందని ఆమె సంస్థలో చాలామంది ఒప్పుకున్నారు. అయినా ఇంకాస్త ఆడదానిలా నడువు, మేకప్ వేసుకో, నగలు పెట్టుకో అని సలహా ఇచ్చి సంస్థలో భాగస్వామ్యం ఇవ్వలేదు. అలాంటి మూస అంచనాలతో పదోన్నతి ఆపడం లింగవివక్షే అవుతుందని కోర్టు చెప్పింది. ఇంటర్వ్యూ గదిలో మీరు వాదనకు దిగాలని నేను అనడం లేదు. ఎవరైనా మీ బట్టల మీద మాట అంటే "సౌకర్యంగా ఉంటుందని ఇది ఎంచుకున్నాను సార్" అని ఒక వాక్యం చెప్పి, తర్వాతి ప్రశ్న కోసం చూడండి. బయటికి వచ్చాక జరిగింది రాసి పెట్టుకోండి.

ఇక బోర్డుల్లో కూర్చునే పెద్దలు ఎవరైనా ఈ పేజీ చదువుతుంటే వాళ్లకు నా విన్నపం. మీ ముందుకు వచ్చిన అమ్మాయి నల్లగొండ నుంచో, ఆదిలాబాద్ నుంచో వచ్చి, ముగ్గురు కలిసి ఉండే గదిలో మూడేళ్లు చదివి ఉండవచ్చు. ఆమె చీర అరువు తెచ్చుకున్నది కావచ్చు. దయచేసి ఆమె చెప్పే జవాబునే చూడండి.

అరువు అన్న మాట వచ్చింది కాబట్టి ఒక పని సూచిస్తాను. ఇంటర్వ్యూ పిలుపు వచ్చేసరికి చేతిలో డబ్బులు అయిపోయిన అమ్మాయిలు ఇక్కడ చాలామంది. ప్రిలిమ్స్ దాటిన తెలంగాణ సివిల్స్ అభ్యర్థులకు 2024లో సింగరేణి ద్వారా మొదలుపెట్టిన రాజీవ్ గాంధీ సివిల్స్ అభయహస్తం పథకం లక్ష రూపాయలు ఇస్తోంది. అది అర్హత ఉన్నవాళ్లకు గట్టి ఆసరా. దాన్ని పుస్తకాలకు, టెస్ట్ సిరీస్‌కు, ఢిల్లీలో ఉండటానికి వాడండి, కొత్త చీరకు కాదు. బట్టలకు మీ హాస్టల్లోనే ఒక పెట్టె పెట్టుకోవచ్చు. రెండు మూడు కాటన్ చీరలు, బిగుతు వదులు చేసుకునేలా లోపల కుట్టు దాచిన జాకెట్లు, రెండు సైజుల్లో నల్ల బెల్లీస్, ఒక థర్మల్ జత, ఒక కోటు, పిన్నీసుల డబ్బా. ఉద్యోగం వచ్చి గది ఖాళీ చేసే అక్కలు తమవి అందులో వదిలి వెళ్లాలి. ఒక్కో బట్టకు సైజు రాసిన చీటీ గుచ్చండి, తీసుకున్నవాళ్లు ఉతికి ఇస్త్రీ చేసి పెట్టాలని మూత మీద రాయండి. పెట్టె తాళం వార్డెన్ దగ్గర కాకుండా ఆ ఏడాది ఇంటర్వ్యూ లేని అమ్మాయి దగ్గర ఉంచండి, రాత్రి పదకొండుకు కావాలన్నా దొరుకుతుంది.